పాటే చిరునామా

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఒక పాట తన ఊరికి తనే దారి చూపించిన కథ చెప్తాను.

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం. గ్రెనడా, గ్రీన్‌వుడ్ పట్టణాల మధ్య అవలాన్ అనే చిన్న పల్లె. అక్కడ జాన్ హర్ట్ అనే నల్లజాతి కూలీ. తొమ్మిదో ఏట గిటార్ పట్టాడు. పగలు చేలో పని, రాత్రి పాట. 1928లో ఓకే అనే కంపెనీ పిలిచి రికార్డులు చేయించింది, అమ్మకాల కోసం పేరు ముందు ‘మిసిసిపీ’ అని తగిలించింది. మొదటిసారి మెంఫిస్‌లో, రెండోసారి డిసెంబరులో న్యూయార్క్‌లో. అంత పెద్ద పట్నంలో ఆయనకు ఊరి మీద బెంగ పుట్టింది. బెంగలోంచే ‘అవలాన్ బ్లూస్’ కట్టాడు. బ్లూస్ అంటే అమెరికా నల్లజాతి వాళ్ల బతుకు పాటలు. అవలాన్ నా ఊరు, మనసంతా అక్కడే ఉందని పాడాడు.

రికార్డులు అమ్ముడు పోలేదు. మరుసటి ఏడు ఆర్థిక మాంద్యం. హర్ట్ మళ్లీ చేలోకి వెళ్లిపోయాడు. ఒకటి కాదు, రెండు కాదు, ముప్ఫయ్యేళ్ల పైమాటే.

1952లో ఆయన పాటలు రెండు ఒక జానపద గీతాల సంకలనంలో వచ్చాయి. విన్నవాళ్లకు మతి పోయింది. మనిషి ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు ‘అవలాన్ బ్లూస్’ పాటనే పట్టుకున్నాడు. అవలాన్ నా ఊరు అన్నాడు కదా, అయితే అవలాన్ ఎక్కడ? కొత్త మ్యాపుల్లో లేదు. పాత అట్లాసులో దొరికింది. కారేసుకుని వెళ్లి, దుకాణం దగ్గర అడిగాడు. అలా పైకి వెళ్లండి, మూడో పోస్టు డబ్బా దగ్గర ఇల్లు, అన్నారు. అంతే!

డెబ్బైకి చేరువలో ఉన్న హర్ట్‌కు గుండె గుభేలుమంది. ఎఫ్‌బీఐ, అంటే కేంద్ర పోలీసు మనిషి అనుకున్నాడట పాపం. ఇంట్లో గిటార్ కూడా లేదు. హాస్కిన్స్ తన గిటార్ చేతికిచ్చాడు. వేళ్లు మొరాయించాయి, పాట మాత్రం గుర్తుంది. ఆ ఏడే న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వేల మంది ముందు పాడాడు. ఆయన కాఫీ పాటలో మాటనే న్యూయార్క్ కుర్రాళ్లు తమ బ్యాండుకు పేరుగా పెట్టుకున్నారు: లవిన్ స్పూన్‌ఫుల్. 1966 నవంబరులో కన్ను మూశాడు. మూడేళ్ల వెలుగే, కానీ ఎంత వెలుగు!

హర్ట్ గిటార్ మొదటిసారి విన్నప్పుడు ఇద్దరు వాయిస్తున్నారనుకున్నాను. కాదు, ఒక్కడే. గుట్టంతా బొటనవేల్లో ఉంది. అది లావు తీగల మీద ఒకదాని తర్వాత ఒకటి, ధుం... ధుం... ధుం... ధుం... అంటూ నడుస్తూనే ఉంటుంది. మిగతా వేళ్లు సన్న తీగల మీద రాగం పలికిస్తాయి. గొంతు పెంచడు, ఆరుబయట మంచం మీద కూర్చుని మాట్లాడినట్టే పాడతాడు. నాకైతే అరిచే బ్లూస్ కంటే ఈ మెల్లని బ్లూసే ఎక్కువ నచ్చుతుంది.

మీ ఇంట్లో గిటార్ నేర్చుకునే పిల్లలుంటే ఒక్క మాట. రాగం జోలికి వెళ్లే ముందు వారం రోజులు బొటనవేలొక్కటే నడిపించమనండి. ఎవరైనా పలకరించినా, పక్కన టీవీ మోగినా అది ఆగకూడదు. గిటార్ లేకపోతే బల్ల మీద కొట్టినా చాలు.

ఇప్పుడు 1928 నాటి ‘అవలాన్ బ్లూస్’ వేస్తున్నాం. కాస్త గరగర ఉంటుంది. బల్ల మీద బొటనవేలు పెట్టండి. ధుం... ధుం...