చల్లగా ఉన్న రోటర్‌నూ అనుమానించండి

అందరికీ నమస్కారం.

ఈరోజు ఒకే ఒక్క సమస్య తీసుకుందాం. మాజ్డా 13బి ఇంజిన్. పిస్టన్లకు బదులు మూడు ముఖాల రోటర్లు తిరిగే రోటరీ ఇంజిన్ ఇది. రెండు రోటర్లు, ఒక్కోటి 654 సీసీ. పోర్టింగ్ అయింది, అంటే గాలి, పొగ దారులు పెద్దవి చేశారు. పెద్ద టర్బో ఎక్కింది, ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మారాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఒక్కో రోటర్ దారికి పొగ వేడిని కొలిచే థర్మోకపుల్ ఒక్కోటి బిగించారు. లోడ్ మీద ముందు రోటర్ 880 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది, వెనక రోటర్ 810. ఇప్పుడేం చేయాలి?

ముందు రోటర్‌కు పెట్రోలు చాలడం లేదనుకుని, దానికి నాలుగైదు శాతం పెంచేసేవాళ్లే ఎక్కువ. అంకె దిగుతుంది, పని అయిపోయిందనుకుంటారు. దయచేసి అలా చేయకండి. మిశ్రమం పల్చబడితే వేడి పెరిగే మాట నిజమే. కానీ స్పార్క్ ఆలస్యమైనా పెరుగుతుంది, ఒక్కో రోటర్‌కున్న రెండు స్పార్క్ ప్లగ్గుల్లో (లీడింగ్, ట్రెయిలింగ్) రెండోదైన ట్రెయిలింగ్ చచ్చుబడినా పెరుగుతుంది. రోటరీలో మంట మండే గది పొడవుగా, పల్చగా ఉంటుంది. చివరి భాగం కాలడానికి ట్రెయిలింగ్ ప్లగ్ సాయం కావాలి. అది లేకపోతే మంట నెమ్మదించి, ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకున్నాక కూడా కాలుతూనే ఉంటుంది. పవర్ పెద్దగా తగ్గినట్టు తెలియదు, మానిఫోల్డ్ మాత్రం కాగిపోతుంది.

ఇక 810 సంగతి. మిశ్రమం మరీ చిక్కనైనా, స్పార్క్ మరీ ముందుకు జరిగినా, కంప్రెషన్ పడిపోయినా, మంట మధ్యమధ్యలో తప్పినా వేడి తగ్గుతుంది. అంటే జబ్బు చల్లటి రోటర్‌లోనే ఉండవచ్చు. స్పార్క్ అతిగా ముందుకు జరిగి డిటొనేషన్ (మిశ్రమం ఒక్కసారిగా పేలినట్టు మండడం) దగ్గరికి వచ్చిన రోటర్ మీటర్ మీద చల్లగానే కనిపిస్తుంది. రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీల్ విరిగే ప్రమాదం ఎక్కువగా ఉన్నది కూడా దానికే.

టర్బో తర్వాతి డౌన్‌పైప్‌లో ఆక్సిజన్‌ను కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సార్ ఇక్కడ తీర్పు చెప్పలేదు. రెండు రోటర్ల పొగ కలిశాక వచ్చే సగటే దానికి తెలుసు. పైగా మంట తప్పిన రోటర్ నుంచి వాడని ఆక్సిజన్ బయటికొస్తే, అది మిశ్రమం పల్చగా ఉందని చెబుతుంది. దాన్ని నమ్మి ఈసీయూ రెండు రోటర్లకూ పెట్రోలు పెంచితే, ప్లగ్గులు మరింత తడుస్తాయి.

కాబట్టి ముందు కొలతను పరీక్షించండి. రెండు థర్మోకపుల్స్ ఒకే రకం, ఒకే మందం, పోర్టు నుంచి ఒకే దూరం, పైపులోకి ఒకే లోతు ఉండాలి. ఒకదాని మొన గోడకు దగ్గరగా ఉంటే తక్కువ చూపిస్తుంది. కె రకం థర్మోకపుల్ తీగను మామూలు రాగి తీగతో పొడిగించినా అంకె తప్పుతుంది, ఇంజిన్ గది వేడెక్కేకొద్దీ ఆ తప్పు మారుతూ ఉంటుంది. తేలికైన పరీక్ష ఒకటుంది. రెండు ప్రోబ్‌లను తీగలతో సహా తారుమారు చేయండి. తేడా ప్రోబ్‌తో పాటు జరిగితే ఇంజిన్‌ది తప్పు కాదు. రోటర్ దగ్గరే ఉండిపోతే వెతుకులాట అక్కడ మొదలవుతుంది. 20, 30 డిగ్రీల తేడా వెంట నేనైతే పడను. 50 దాటితే వదలను.

తర్వాత చూడాల్సింది, తేడా ఎప్పుడు వస్తోందని. ఈసీయూ రికార్డు చేసిన లాగ్ తీసి ఆర్‌పీఎం, బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) పక్కన పెట్టి చూడండి. ఐడిల్‌లో, నెమ్మదిగా నడిపేటప్పుడు వచ్చి బూస్ట్‌లో పోతే, గాలి లీకు. ఇంజెక్టర్ ఓ-రింగ్, మానిఫోల్డ్ గాస్కెట్, ఒక్క రోటర్ దారి నుంచే తీసుకున్న వాక్యూమ్ గొట్టం, ఇవి చూడాలి. పెద్ద ఇంజెక్టర్లు అతి తక్కువ సమయం తెరుచుకునేచోట వాటి మధ్య పొంతన తప్పడం కూడా ఇలాగే కనిపిస్తుంది. లోడ్ పెరిగాక తోడయ్యే సెకండరీ ఇంజెక్టర్లు మొదలయ్యే చోటే తేడా పుడితే, దోషం ఆ ఇంజెక్టర్‌దో దాని వైరుదో. పై ఆర్‌పీఎంలో మాత్రమే వస్తే ఫ్యూయల్ రైల్ ప్రెషర్, కాయిల్ చార్జింగ్, టర్బో మానిఫోల్డ్ చూడాలి. రెండు దారులుగా విడిన మానిఫోల్డ్‌లో అదనపు పొగను టర్బో పక్కనుంచి వదిలే వేస్ట్‌గేట్ ఒక్క దారికే ఉంటే, రెండో దారిలో వెనక ఒత్తిడి పెరిగి కాలిన పొగ రోటర్‌లోనే మిగిలిపోతుంది. దాన్ని ఏ ట్యూనింగూ సరిచేయలేదు, వెల్డింగే చేయాలి.

ఇగ్నిషన్ దగ్గర ఒక్క జాగ్రత్త. 13బిలో టర్బో రకమైన 13బి-ఆర్‌ఈడబ్ల్యూలో లీడింగ్ ప్లగ్గులు రెండూ ఒకేసారి వెలుగుతాయి, కాబట్టి ఆ తీగలు తారుమారైనా ఏమీ కాదు. ట్రెయిలింగ్ తీగలు అలా కాదు, తారుమారైతే స్పార్క్ షాఫ్ట్ సగం చుట్టు తప్పి పడుతుంది. ఇంజిన్ అయినా నడుస్తూనే ఉంటుంది, అదే ప్రమాదం. టైమింగ్ లైటును నాలుగు తీగల మీదా పెట్టి చూడండి. ప్లగ్గులు కూడా సరిపోల్చండి. కంపెనీ అమరిక లీడింగ్‌లో 7, ట్రెయిలింగ్‌లో 9 హీట్ రేంజ్ (ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకె). పొరపాటున ఒక రోటర్‌కు ఒక రకం, రెండోదానికి ఇంకో రకం పడి ఉండవచ్చు.

ఇంతవరకూ అన్నీ బాగుంటే కంప్రెషన్ కొలవండి. మామూలు పిస్టన్ ఇంజిన్ గేజి మూడు ముఖాల్లో పెద్ద అంకెనే పట్టుకుంటుంది. మూడింటినీ విడిగా చూపించే రోటరీ టెస్టర్ కావాలి. రీడింగ్‌ను 250 ఆర్‌పీఎంకు సరిదిద్దాలి, ఇంజిన్ వేడిగా ఉండాలి. మూడింటిలో రెండు ముఖాలు పడిపోతే, వాటి మధ్యనున్న అపెక్స్ సీల్ పోయినట్టు. ఒక్క ముఖమే పడితే రోటర్ పక్కవైపులను మూసే సైడ్ సీల్‌ను అనుమానించాలి. మూడూ సమానంగా తగ్గితే హౌసింగ్ (రోటర్ తిరిగే గూడు) అరుగుదల.

ఇంజెక్టర్లను బెంచి మీద కొలిపించి, తేడా 2 శాతం లోపున్నవాటిని జతకట్టండి. తిరిగి బిగించాక ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చి, అదే గేరులో, అదే బూస్ట్‌తో మళ్లీ లాగ్ తీయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ప్లగ్గులూ ఇంజెక్టర్లూ ఒకే పూట మార్చేస్తే ఏది నయం చేసిందో తెలియదు.

రోటర్‌వారీ ఇంధన ట్రిమ్, అంటే ఒక్కో రోటర్‌కు పెట్రోలు విడిగా సరిదిద్దడం, అన్నిటికంటే చివరన. ఒక్కో శాతం చొప్పున, మొదట పెంచే దిశలోనే వేయండి, స్పార్క్‌ను ముట్టుకోకండి. 3 శాతం దాటినా తేడా పోకపోతే ట్రిమ్‌ను సున్నాకు తెచ్చి, మళ్లీ ఇంజెక్టర్ల దగ్గరికి, గాలి దారి దగ్గరికి వెళ్లండి.