ఫెర్గూసన్ పానా: పేరు చదివే ముందు నోరు కొలవండి

టేబుల్ మీద రెండు పాత పానాలున్నాయి చూడండి. రెండిటి మీదా 1/2 అనే ఉంది. వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెడితే మొదటిదాని నోరు 22 మిల్లీమీటర్లు దాటింది, రెండోది 23న్నర దగ్గరుంది. అరిగిపోయి కాదండీ. పాత పానాల మీద అంకె చాలాసార్లు బోల్టు సైజే, నట్టు వెడల్పు కాదు. అమెరికాలో విలియం సెల్లర్స్ అనే ఇంజినీరు 1864లో చెప్పిన లెక్క ఏంటంటే, బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు, దానికి అంగుళంలో ఎనిమిదో వంతు కలపాలి. అరంగుళం బోల్టుకి 7/8 అంగుళం నట్టు, అంటే 22.2 మిల్లీమీటర్లు. ఇంగ్లండులో వాడిన విట్‌వర్త్ అనే బోల్టు కొలతల పద్ధతిలో అదే బోల్టుకి 0.92 అంగుళం, 23.4. పక్కన డబ్ల్యూ అక్షరమో, 9/16 బీఎస్ఎఫ్ (ఇంగ్లండు సన్నమర బోల్టుల కొలత) అనో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు, అది ఇంగ్లండు సైజే.

తర్వాత అంచు తడమండి. సన్నటి గీత ఒకటే తగిలి, ఒళ్లంతా కాస్త గరుకుగా ఉంటే పోత ఇనుము. గీత బదులు గ్రైండింగ్ చేసిన వెడల్పాటి పట్టీ ఉంటే ఫోర్జింగ్, అంటే కాల్చి అచ్చులో కొట్టి చేసింది. పోత పానాని పైపు తొడిగి తిప్పారో, నోరు తెరుచుకుపోతుంది.

పేరుని మాత్రం అంత తేలిగ్గా నమ్మకండి. ఫోర్డ్ అని ఉన్నంత మాత్రాన ట్రాక్టర్‌ది కాదు, మోడల్ టీ కారుతోనూ అలాంటివే ఇచ్చారు. ఐహెచ్‌సీ (ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ) అని ఉంటే 1902కి ముందుది కాదు, ఆ కంపెనీ పుట్టిందే అప్పుడు. కానీ అందులో కలిసిన పాత కంపెనీ మెకార్మిక్ పేరు 1902 తర్వాత కూడా నడిచింది, కాబట్టి ఆ పేరు చూసి 'చాలా పాతది' అని ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఇక ఫెర్గూసన్ ట్రాక్టర్‌తో వచ్చిన పానా. దగ్గరగా చూపిస్తున్నా, కాడ మీద అంగుళాల గీతలున్నాయి కదా? అలంకారం కాదు, అది స్కేలు. నాగలి సాలు వెడల్పూ, చక్రాల మధ్య దూరమూ దాంతోనే కొలిచేవాళ్లు. టీఈ20 అనే ఫెర్గూసన్ ట్రాక్టర్‌లో చక్రాల దూరం 48 అంగుళాల నుంచి నాలుగేసి అంగుళాల చొప్పున మారుతుంది. ఈ పానాకి ఒక వైపు 11/16, రెండో వైపు 1 1/16 అంగుళాల నోరు. పనిముట్లు బిగించడానికి చాలావరకు ఈ ఒక్కటే సరిపోయేది. మన దగ్గర మాసీ ట్రాక్టర్ నడిపినవాళ్లకి ఈ పేరు తెలిసిందే. మాసీ ఫెర్గూసన్ అనే జంట పేరు 1958లో వచ్చింది. కొనేటప్పుడు గీతలు పూర్తిగా కనిపిస్తున్నాయా చూసుకోండి, సగం విలువ వాటిదే.

అందుకే తుప్పు వదిలించడానికి గ్రైండర్, వైర్ బ్రష్ వీలు వద్దు. గీతలూ అక్షరాలూ లేచిపోతాయి. ప్లాస్టిక్ బకెట్లో పది లీటర్ల నీళ్లు, మూడు పెద్ద చెంచాల బట్టల సోడా వేయండి. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ మైనస్ వైరు ఆ నీళ్లలో ముంచిన పానాకి, ప్లస్ వైరు అందులోనే ముంచిన పనికిరాని ఇనుప ముక్కకి పెట్టండి. తారుమారైతే పానానే కరిగిపోతుంది. స్టీలు గరిటె లాంటివి ఆ ముక్క స్థానంలో పెట్టొద్దు, విషపూరిత క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. తీయగానే కడిగి, వెంటనే ఆరబెట్టి పల్చగా నూనె రాయండి, లేదంటే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది.