పాత మాజ్దా మియాటాకి టైమింగ్ బెల్ట్ కిట్: చవకది కొనాలా, విడివిడిగా తెప్పించాలా?

అందరికీ నమస్తే. బల్ల మీద రెండు డబ్బాలున్నాయి, చూడండి. రెండూ ఒకే కారుకి, ఒకే పనికి. 1990 నుంచి 1993 మోడల్ దాకా వచ్చిన 1.6 లీటర్ మాజ్దా మియాటాకి టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ సామాను. టైమింగ్ బెల్ట్ అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌నీ, పైన వాల్వులు తెరిచే క్యామ్‌లనీ జత కలిపి తిప్పే పళ్ళ బెల్టు. ఎడమ పక్కది ఆన్‌లైన్‌లో దొరికే పేరూ ఊరూ లేని కిట్. కుడి పక్కది నిజానికి కిట్ కాదు. ఒక్కో పార్టూ నంబరు చూసి విడిగా తెప్పించి ఒకచోట వేసినది. డబ్బు బాగానే ఎక్కువైంది. ఆ ఎక్కువ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ దండగ అన్నదే ఈ వీడియో.

అమెరికాలో మనవాళ్ళు వారాంతం ముచ్చటకి కొనుక్కునే పాత జపాన్ కార్లలో మియాటా ఒకటి. పార్టులు ఇంకా దొరుకుతాయి, గరాజ్‌లో మనమే చేసుకోగలం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మారుతి, జిప్సీల మీద చెయ్యి తిరిగినవాళ్ళు చూస్తుంటే మీకూ ఇందులో సగం పనికొస్తుంది. ఎందుకో స్పానర్ల దగ్గరికొచ్చాక చెప్తాను.

ముందు కారు సంగతి తేల్చుకోవాలి. ఇది 1989లో బయటికొచ్చింది. జపాన్‌లో అదే కారుని యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు. 1.6 ఇంజిన్ కారు చాసిస్ కోడ్ ఎన్ఏ6సీఈ, తర్వాత వచ్చిన 1.8ది ఎన్ఏ8సీ. జపాన్ నుంచి పార్టు తెప్పించేటప్పుడు ఇంజిన్ లోపలి సామానుకి ఇబ్బంది లేదు. డాష్‌బోర్డు, వైపర్లు, స్టీరింగ్ ర్యాక్ లాంటివి మాత్రం అక్కడ కుడిచేతి స్టీరింగ్‌కి చేసినవి. బొమ్మ ఒకేలా ఉందని ఆర్డర్ పెట్టేస్తే తిరిగి పంపే ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

1.6లో కూడా రెండు రకాలున్నాయి. 1990, 1991 తొలి కార్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు ముక్కు పొట్టిగా ఉంటుంది. ఆ తర్వాతవాటికి పొడుగు ముక్కు. ఏ రకమో తెలుసుకోవడానికి ఏదీ విప్పక్కర్లేదు. టార్చ్ లైట్ వేసి క్రాంక్ పుల్లీ వైపు ముందు నుంచి చూడండి. కోతలు నాలుగు ఉంటే పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే పొడుగుది. డబ్బా కొనేముందే ఈ లెక్క చూసుకోండి. ఈ పనిలో అసలు ప్రమాదం ఉన్నది ఇక్కడే, దాని గురించి కాసేపట్లో.

ఇప్పుడు నంబర్లు. మాజ్దా పార్టు నంబరు మూడు ముక్కలుగా ఉంటుంది. ఆయిల్ ఫిల్టర్ తీసుకుందాం: బీ6వై1-14-302. మొదటి ముక్క ఆ పార్టుని మొదట ఏ ఇంజిన్‌కో ఏ మోడల్‌కో చేశారో చెప్తుంది. మధ్యలో 14 అంటే లూబ్రికేషన్ విభాగం. 12 అయితే వాల్వులు, టైమింగ్. 15 అయితే కూలింగ్. చివరి మూడంకెలు ఆ విభాగంలో ఏ వస్తువో చెప్తాయి. అంటే మీరు టైమింగ్ బెల్ట్ అడిగినప్పుడు మధ్య ముక్క 12 కాకుండా ఇంకోటి కనిపిస్తే ఆ పేజీ మూసేయండి. మొదటి ముక్క మారితే మాత్రం కంగారు పడొద్దు. పాత నంబరు ఆపేసి కొత్త నంబరు ఇవ్వడం జపాన్ కంపెనీలన్నిటికీ అలవాటే. అమాయామా లాంటి సైట్లలో పాత నంబరు కొడితే దాని బదులు వచ్చినదాన్ని చూపిస్తాయి.

అన్నట్టు, మాజ్దా ఈ కారుని పూర్తిగా వదిలెయ్యలేదు. 2017లో జపాన్‌లో రిస్టోర్ సర్వీస్ ప్రకటించింది. సాఫ్ట్ టాప్, నార్డి స్టీరింగ్ వీల్, చివరికి ఆనాటి బ్రిడ్జ్‌స్టోన్ ఎస్ఎఫ్325 టైరుని కూడా 185/60 ఆర్14 సైజులో మళ్ళీ చేయించారు. ఇంత పాత కారుకి టైరు నమూనా కూడా మళ్ళీ చేయించడం మామూలు విషయం కాదు.

సరే, డబ్బాలు విప్పుదాం. రెండింటిలోనూ బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పుల్లీ, దారి చూపే ఐడ్లర్ పుల్లీ, వాటర్ పంప్, నూనె కారకుండా ఆపే రెండు క్యామ్ సీళ్ళు, ఒక క్రాంక్ ముందు సీలు, గ్యాస్కెట్లు ఉన్నాయి. లెక్కకి రెండూ సమానమే.

ఇదిగో చవక కిట్‌లోని టెన్షనర్. మైకు దగ్గర పెట్టి వేలితో తిప్పుతున్నాను, వినండి. బొంగరంలా సర్రుమని తిరుగుతూనే ఉంది కదా? చాలామంది ఇది చూసి భలే నున్నగా ఉందనుకుంటారు. నిజానికి అది చెడ్డ గుర్తు. లోపల గ్రీజు సరిపడా లేదు. ఇప్పుడు కుడి పక్కది తిప్పుతున్నాను. ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగలేదు, మెత్తగా ఆగిపోయింది. గ్రీజు నిండుగా ఉన్న బేరింగ్ ఇలా ఉండాలి. దీని అంచు మీద తయారీదారు పేరు, నంబరు చెక్కి ఉన్నాయి. ఎన్ఎస్‌కే, ఎన్‌టీఎన్, కోయో, ఏదైనా పర్వాలేదు, పేరంటూ ఉండాలి. చవకదాని మీద చూడండి, ఏమీ లేదు. బెల్టు పళ్ళతో తిరిగే చోట పేరు చెప్పుకోలేని బేరింగ్ పెట్టకూడదు. ఈ ఒక్క పార్టు కోసమే అయినా చవక కిట్ వద్దంటాను.

బెల్టుల్లో తేడా తక్కువ. చవక కిట్‌లో కూడా బెల్టు మీద పేరు, సైజు అచ్చు వేసి ఉంటే వాడుకోవచ్చు. కానీ ప్యాకెట్‌లో మడత పడి, గీత తేలి వచ్చిందంటే పారేయండి. లోపలి దారాలు విరిగాయో లేదో బయటికి కనిపించదు. కొత్త బెల్టుని మీరు కూడా తిరగేసి వంచి చూడొద్దు.

వాటర్ పంప్ విషయంలో పోత చూడండి. గ్యాస్కెట్ కూర్చునే ముఖం మీద గోరు పెట్టి లాగితే చవకదానికి గరుకు తగులుతోంది. దీన్ని సిలికాన్ పూసి కూర్చోబెడదాం అనుకుంటారు, ఆ సిలికాన్ ముక్కే తర్వాత ఊడి రేడియేటర్‌లో అడ్డం పడుతుంది. ముఖం సాపుగా ఉంటే రబ్బరు గ్యాస్కెట్ ఒక్కటే చాలు. సీళ్ళు జపాన్‌వి తీసుకోండి, ఖర్చు కొంచెమే.

ఇప్పుడు స్పానర్లు. జపాన్ ప్రమాణం ప్రకారం ఎం6 బోల్టు తల 10, ఎం8 తల 12, ఎం10 తల 14, ఎం12 తల 17. జర్మన్ కార్లలో అదే ఎం8కి 13 పడుతుంది. మారుతి 800 విప్పినవాళ్ళకి ఈ 10, 12, 14, 17 వరస నోటికొచ్చేసి ఉంటుంది, అదీ ఇదీ ఒకటే. కొత్తగా టూల్ సెట్ కొంటే 12, 14 లోతు సాకెట్లు ఉన్నాయో లేదో చూసుకోండి. స్క్రూల సంగతి ఇంకోటి. పాత జపాన్ కార్లలో ప్లస్ గాడి ఉన్నవి మామూలు ఫిలిప్స్ కాదు, జేఐఎస్, అంటే జపాన్ పారిశ్రామిక ప్రమాణం. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే పూర్తిగా దిగదు, జారి గాడి అరిగిపోతుంది. స్క్రూ తల మీద చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్ అని గుర్తు. ఒసాకా కంపెనీ వెసెల్ స్క్రూడ్రైవర్ నంబర్ 2 ఒకటి కొనిపెట్టుకోండి, పదేళ్ళు ఉంటుంది.

పని మొదలుపెడదాం. బ్యాటరీ నెగటివ్ తీయండి. బానెట్ కింద వెతక్కండి, ఈ కారుకి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. కూలెంట్ దింపండి, మొత్తం 6 లీటర్లు. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసేస్తే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. బయటి బెల్టులు తీసేముందే వాటర్ పంప్ పుల్లీ బోల్టులు కాస్త వదులు చేయండి. బెల్టు తీసేశాక ఆ పుల్లీ పట్టు లేక తిరుగుతూ మీ సహనానికి పరీక్ష పెడుతుంది.

క్రాంక్ పుల్లీని పట్టి ఉంచేవి నాలుగు చిన్న 10 నంబర్ బోల్టులు. మధ్యలో ఉన్న పెద్ద 21 బోల్టు వేరే. బెల్టు మార్చడానికి ఆ పెద్దది విప్పక్కర్లేదు. క్రాంక్ ముందు సీలు మార్చాలంటేనే విప్పాలి. పొట్టి ముక్కు కారైతే, సీలు దగ్గర నూనె తడి లేకుండా పొడిగా ఉంటే, ఆ బోల్టు జోలికి వెళ్ళొద్దు. కిట్‌లో సీలు వచ్చింది కదా అని వేసెయ్యడం ఇక్కడ తెలివి కాదు.

ఎందుకంటే, పొట్టి ముక్కు క్రాంక్‌లో స్ప్రాకెట్‌ని (బెల్టు తిరిగే పళ్ళ చక్రాన్ని) పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, అంటే కీ, దాని గాడి, రెండూ ఆ బోల్టు బిగుతు మీదే ఆధారపడ్డాయి. బిగుతు తగ్గితే కీ గాడిలో అటూ ఇటూ కొట్టుకుంటుంది. గాడి అరుగుతుంది. అప్పుడు టైమింగ్ తనంతట తను వెనక్కి పోతుంది, కారు బలం తగ్గుతుంది, పుల్లీ ఊగుతుంది. పుల్లీ వెనక తుప్పు రంగు పొడి కనిపిస్తే అదే. గాడి బాగా అరిగితే క్రాంక్ మార్చాలి, అంటే ఇంజిన్ మొత్తం దించాలి. కొద్దిగా అరిగినదాన్ని లాక్‌టైట్ 660 అనే సందులు నింపే జిగురుతో నింపి కాపాడుకునేవాళ్ళున్నారు. తప్పక విప్పాల్సి వస్తే కొత్త బోల్టు, కొత్త కీ దగ్గర పెట్టుకునే విప్పండి. స్టార్టర్ కొట్టి బోల్టు వదులు చేసే చిట్కా ఈ ఇంజిన్ మీద వద్దు. ఐదో గేరు వేసి, ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుంటే పొడుగు రాడ్‌తో విప్పొచ్చు. తిరిగి బిగించేటప్పుడు పొట్టి ముక్కుకి 108 నుంచి 118 న్యూటన్ మీటర్లు (బిగుతు కొలత), పొడుగు ముక్కుకి 157 నుంచి 167. ఈ రెండు అంకెలూ తారుమారు చేయకండి. చిన్న పుల్లీ బోల్టులకి 12 నుంచి 17 చాలు.

సీళ్ళు తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ షాఫ్ట్‌కి తగిలి గీత పడితే ఎంత మంచి సీలు వేసినా కారుతుంది. కొత్తదాని పెదవికి నూనె రాసి, అంచు హౌసింగ్‌తో సమానంగా వచ్చేదాకా మాత్రమే తట్టండి. ఇంకా లోపలికి కొట్టొద్దు.

పాత బెల్టు తీసేముందు గుర్తులు కలపండి. క్రాంక్ స్ప్రాకెట్ గుర్తు, ఇన్‌టేక్ క్యామ్ మీద ఐ, ఎగ్జాస్ట్ క్యామ్ మీద ఈ. రెండు క్యామ్ పుల్లీల మీదా రెండక్షరాలూ ఉంటాయి, అందుకే తికమక పడతారు. ఇన్‌టేక్ వైపు ఐ మాత్రమే, ఎగ్జాస్ట్ వైపు ఈ మాత్రమే చూడండి. ఐ, ఈ గుర్తుల మధ్య బెల్టు పళ్ళు 19 ఉండాలి. గుర్తులు కంటికి సరిగ్గా కనిపించినా పళ్ళు లెక్కపెట్టండి. 18 వచ్చినా, 20 వచ్చినా ఒక పన్ను తప్పింది, ఇంజిన్ స్టార్ట్ అవుతుంది గానీ ముక్కుతూ మూల్గుతూ నడుస్తుంది. ఈ ఇంజిన్‌లో ఒక అదృష్టం ఉంది: బెల్టు తెగినా పిస్టన్‌కి వాల్వు తగలదు. కాబట్టి తప్పు చేస్తే ఒక పూట పోతుంది, హెడ్ పోదు.

టెన్షనర్ స్ప్రింగ్ తగిలించి, బోల్టు కాస్త వదులుగా ఉంచి, క్రాంక్‌ని ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పండి. రెండు చుట్లు తిప్పి గుర్తులు చూడండి. తర్వాత ఒక చుట్టూ, ఇంకో ఆరింట ఐదు వంతులూ తిప్పితే టెన్షన్ గుర్తు కలుస్తుంది. అక్కడ స్ప్రింగ్‌నే లాగనిచ్చి బోల్టు 38 నుంచి 51 న్యూటన్ మీటర్లకి బిగించండి. చేత్తో తోసి గట్టిగా చేయొద్దు, బెల్టు ఉయ్ఁ అని ఏడుస్తుంది. రెండు క్యామ్‌ల మధ్య 10 కిలోల బలంతో నొక్కితే 9 నుంచి 11.5 మి.మీ. దిగాలి. ఇంతకంటే దిగితే మళ్ళీ మొదటికి.

వాటర్ పంప్ బోల్టులకి 19 నుంచి 25. క్యామ్ కవర్ బోల్టులకి 5 నుంచి 9 మాత్రమే. అల్యూమినియం మరలు, మణికట్టు బలం చూపిస్తే ఊడొస్తాయి. కవర్ గ్యాస్కెట్ వేసేముందు క్యామ్ క్యాప్‌లు హెడ్‌ని కలిసే మూలల్లో చిటికెడు సిలికాన్ పెట్టండి. నూనె ఎక్కువగా కారేది ఆ మూలల్లోనే.

ఇన్ని విప్పారు కాబట్టి హెడ్ వెనక ఉన్న, క్యామ్ ఏ కోణంలో ఉందో చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్ కూడా మార్చేయండి. రెండు కిట్లలోనూ అది లేదు, విడిగా కొనాలి. అది గట్టిపడి కారే నూనె గేర్‌బాక్స్ హౌసింగ్ మీద పడుతుంది. చూసినవాళ్ళు వెనక క్రాంక్ సీలు పోయిందని గేర్‌బాక్స్ దింపిస్తారు. చిన్న రబ్బరు ఉంగరానికి ఎంత పనో! సెన్సర్ ఒక్క 12 బోల్టుతో ఉంటుంది. తీసేముందు గీత గీసి దాని స్థానం గుర్తు పెట్టుకోండి. మళ్ళీ బిగించాక, ఇంజిన్ వేడెక్కాక, బానెట్ కింద డయాగ్నసిస్ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ అని రాసున్న రెండు పిన్నులనీ వైరుతో కలిపి టైమింగ్ లైట్ పట్టండి. టాప్ డెడ్ సెంటర్‌కి, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకి ముందు 10 డిగ్రీలు రావాలి. సెన్సర్‌ని అటూ ఇటూ కొద్దిగా తిప్పి అక్కడికి తెచ్చి, బోల్టు బిగించి, ఆ వైరు తీసేయడం మర్చిపోకండి.