ఫోన్-ఇన్: 7 మెగాహెర్ట్జ్ కాయిల్ 14ను మింగేస్తుంటే

యాంకర్: నమస్కారం. ఈ వారం రేడియో రిసీవర్లలో కాయిల్స్, ఫిల్టర్ల గురించి. మొదటి కాల్ టెక్కలి నుంచి. అడగండి.

టెక్కలి: నమస్తే సార్. 7 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండుకి, అదే ఔత్సాహిక రేడియో వాళ్ల బ్యాండుకి, కాయిల్ ఎన్ని చుట్లు?

నిపుణుడు: చుట్లు ఆఖర్న. కాయిల్, కండెన్సర్ కలిసే ఒక ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అవుతాయి కాబట్టి ముందు కండెన్సర్ ఎంతో తేల్చుకోండి. 100 పికోఫారడ్ అనుకుందాం. 25330ని మెగాహెర్ట్జ్ వర్గంతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ పికోఫారడ్లతో భాగిస్తే కాయిల్ ఇండక్టెన్స్ మైక్రోహెన్రీల్లో వస్తుంది. 7.1కి సుమారు 5. కరెంటు వైరింగుకి వాడే 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద 22 గేజ్ ఎనామిల్ తీగ దగ్గర దగ్గరగా 13 చుట్లు వేస్తే ఆ 5 వస్తుంది. అయితే ఆ 100 పికోలో వైరింగ్ కెపాసిటెన్స్, అంటే వైరింగే కండెన్సర్‌లా పనిచేసే విలువ, కూడా ఉంది. స్విచ్చి, తీగలు, బోర్డు కలిపి 15 పికో ఎక్కడికీ పోదు. అది మరిచిపోయి 100 కండెన్సర్ పెట్టేస్తే, 7.1 అనుకున్నది 6.6 దగ్గర పడుతుంది. 68 ఫిక్సెడ్ పెట్టండి, దాని పక్కన 22 ట్రిమ్మర్, అంటే తిప్పి సరిచేసుకునే చిన్న కండెన్సర్.

యాంకర్: ధన్యవాదాలు. బొబ్బిలి నుంచి కాలర్.

బొబ్బిలి: హలో... హలో, వినబడతందా అండీ?

యాంకర్: వినబడుతోంది. మీ దగ్గర రేడియో సౌండు తగ్గించండి.

బొబ్బిలి: తగ్గించానండి. నమస్కారం గురువుగారూ. నాది డైరెక్ట్ కన్వర్షన్ సెట్టండి, సిగ్నల్‌ని నేరుగా సౌండు చేసేదండి. మీరన్న పైపే, 7కి 13 చుట్లు, 14కి 6 చుట్లు. గ్యాంగ్, అదే ట్యూనింగ్ కండెన్సర్, ఒక్కటే, బ్యాండ్ స్విచ్చితో కాయిల్ మారుస్తాను. 7 బాగుంటాదండి, గోలగోలగా వస్తాది. 14కి తిప్పితే చచ్చిపోతంది. ట్రాన్సిస్టర్ మార్చాను, ఏరియల్ పొడుగు చేశాను, 14 కాయిల్ మళ్లీ చుట్టాను, అయినా అంతే. ఇంకోటేటంటే, రాత్రయితే విశాఖ స్టేషన్ వెనకాల మాట్లాడతా ఉంటాది. మా తమ్ముడేమో...

నిపుణుడు: ఒక్కొక్కటి. కాయిల్స్ పెట్టెలో ఎలా ఉన్నాయి?

బొబ్బిలి: పక్కపక్కన నిలబెట్టానండి. స్విచ్చి ముందు ప్యానెల్ మీద.

నిపుణుడు: కాయిల్ నుంచి స్విచ్చికి తీగ ఎంత?

బొబ్బిలి: జానెడుంటాదండి. 14కి ఒక చుట్టు పెంచమంటారా?

నిపుణుడు: చుట్లు ముట్టుకోవద్దు. జానెడు తీగ, స్విచ్చి కాంటాక్టు, కాయిల్ సొంత కెపాసిటెన్స్ కలిపి 25 పికో అనుకోండి. మీరు 14కి తిప్పినప్పుడు 7 కాయిల్ గ్యాంగ్ నుంచి విడిపోయింది, అంతే. ఆ 25 పికోని పట్టుకుని అక్కడే వేలాడుతోంది. 5 మైక్రోహెన్రీ, 25 పికో లెక్క కట్టండి. 14.2 వస్తుంది. మీరు వినాలనుకున్న చోటే అది రెజోనెన్స్‌లో, అంటే అదే ఫ్రీక్వెన్సీకి ట్యూనై, కూర్చుంది. పక్కనే నిలబెట్టారు కాబట్టి 14 కాయిల్‌లోని సిగ్నల్‌ని ఈ 7 కాయిల్ పీల్చేస్తోంది. ట్రాన్సిస్టర్‌ది ఏ తప్పూ లేదు.

బొబ్బిలి: ఓరి! అదే అని ఎలగ తెలుస్తాదండి?

నిపుణుడు: 14 మీద ఉంచి, 7 కాయిల్ రెండు కాళ్లనీ చిన్న తీగ ముక్కతో షార్ట్ చెయ్యండి. సౌండు లేచిందా, దొంగ దొరికినట్టే. తర్వాత రెండు పోల్స్ ఉన్న స్విచ్చి, అంటే ఒకే నాబ్‌తో రెండు లైన్లు మార్చేది, తీసుకోండి. మొదటి పోల్ ఇప్పటిలాగే గ్యాంగ్‌కి. రెండో పోల్ మధ్య కాలు గ్రౌండుకి. దాని కాంటాక్టులు తారుమారుగా కలపండి: 7లో ఉన్నప్పుడు 14 కాయిల్ వేడి కాలు, అంటే గ్రౌండుకి కలవని కాలు, గ్రౌండవ్వాలి, 14లో ఉన్నప్పుడు 7 కాయిల్‌ది. కాయిల్స్ ఒకదానికొకటి అడ్డంగా, అంటే 90 డిగ్రీల్లో పెట్టండి. షార్ట్ చేసిన కాయిల్ దగ్గరగా ఉంటే పక్కదాని ఇండక్టెన్స్ తగ్గించేస్తుంది. స్విచ్చి కాయిల్స్ దగ్గరికి జరపండి. నాబ్‌కి పొడుగు కడ్డీ వేసుకోండి గానీ తీగలు పొడుగు చెయ్యొద్దు.

బొబ్బిలి: అయితే 14కి ఆరు చుట్లు చాలంటారా? ఏడు వేస్తే...

నిపుణుడు: ఏడొద్దు బాబూ, చెప్పాను కదా. ఆరు చుట్లూ 7 మిల్లీమీటర్ల పొడుగుకి సాగదీయండి, 1.27 మైక్రోహెన్రీ వస్తుంది. దగ్గరగా ఉంటే 1.4 దాటుతుంది. ఇక విశాఖ స్టేషన్. డయల్ ఎటు తిప్పినా వస్తోందా?

బొబ్బిలి: ఎటు తిప్పినా అండి.

నిపుణుడు: అయితే ట్యూనింగ్‌తో పనిలేదు. ఆ స్టేషన్ 927 కిలోహెర్ట్జ్ బలంగా వచ్చి మిక్సర్లోనే, అంటే సిగ్నల్‌ని సౌండుగా మార్చే చోటే, డిటెక్ట్ అయిపోతోంది. ఏరియల్ దగ్గరే ఆపాలి. ఏరియల్ నుంచి సెట్టుకి వరసగా రెండు 1000 పికో కండెన్సర్లు, వాటి మధ్య నుంచి గ్రౌండుకి 1.3 మైక్రోహెన్రీ కాయిల్. మీ 14 కాయిల్ లాంటిదే ఇంకొకటి చుట్టండి, సరిపోతుంది. 3 మెగాహెర్ట్జ్ కింద కోసేస్తుంది. 927 దగ్గర వోల్టేజీ సుమారు నలభయ్యో వంతుకి పడుతుంది. ఇది 50 ఓమ్‌ల లెక్క. పొడుగు తీగ ఏరియల్‌కి కొంత అటూఇటూ అవుతుంది, పనైతే చేస్తుంది. ఈ కాయిల్ కూడా మిగతా రెండింటికి దూరంగా.

బొబ్బిలి: ఆ 1000 పికో అంటే, మీద 104 అని రాసున్న కండెన్సర్ పనికొస్తాదా అండి?

నిపుణుడు: 104 అంటే 0.1 మైక్రో, వంద రెట్లు. 102 కావాలి. ట్యూన్డ్ సర్క్యూట్‌లో ఎన్‌పీఓ, అంటే వేడికి విలువ మారని రకమే వాడండి, లేదా మైకా. మామూలు డిస్క్ వేస్తే మే నెల మధ్యాహ్నం ఒక చోట, రాత్రి ఇంకో చోట ట్యూన్ అవుతుంది.

యాంకర్: సరేనండి, మిగతా కాలర్లు ఉన్నారు. ఇచ్ఛాపురం.

ఇచ్ఛాపురం: సార్, పాత రేడియోలో ఫెరైట్ రాడ్ ఉంది. దాని మీద 14కి చుట్టొచ్చా?

నిపుణుడు: వద్దు. మీడియం వేవ్ రాడ్‌కి అంత పైన లాస్ ఎక్కువ, క్యూ, అంటే ట్యూనింగ్ పదును, పడిపోతుంది. పైపు మీదే చుట్టండి.

యాంకర్: చీపురుపల్లి, త్వరగా.

చీపురుపల్లి: నాది సూపర్‌హెట్ సార్, స్టేషన్‌ని ముందు 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్‌కి, అదే మధ్యంతర ఫ్రీక్వెన్సీకి, మార్చే రకం. ఒకే స్టేషన్ రెండు చోట్ల వస్తోంది.

నిపుణుడు: రెంటికీ మధ్య 455కి రెట్టింపు, 910 కిలోహెర్ట్జ్ తేడా ఉందా చూడండి. ఉంటే అది ఇమేజ్, అంటే అదే స్టేషన్ దొంగ ప్రతిబింబం. మీ సెట్టులో మిక్సర్‌కి ముందు ఒకటే ట్యూన్డ్ సర్క్యూట్ ఉండుంటుంది. క్యూ 50 ఉంటే అది ఇమేజ్‌ని 7 దగ్గర 22 డెసిబెల్స్, 14 దగ్గర 16 మాత్రమే ఆపుతుంది. రెండు పెడితే అవి రెట్టింపు. రెంటి మధ్య కలపడానికి 2 పికో చాలు, హుక్అప్ వైరు ముక్కలు రెండు మెలివేసినా వస్తుంది. ఎక్కువ కలిపారో, రెస్పాన్స్ రెండు మూపులై మధ్యలో గుంట పడుతుంది. వైరింగ్ కెపాసిటెన్స్ మాత్రం లెక్కలో వెయ్యండి.

యాంకర్: పలాస, చివరి కాల్.

పలాస: టొరాయిడ్ రింగు మీదైతే ఆ 5 మైక్రోహెన్రీకి ఎన్ని చుట్లండి?

నిపుణుడు: అర అంగుళం ఎర్ర రింగు, టీ50-2 మీద 32. పసుపు, టీ50-6 మీద 35. తీగ రింగు లోపల నుంచి ఎన్నిసార్లు దూరిందో అన్ని చుట్లు, బయట లెక్కపెట్టొద్దు. రంగులేని నల్ల ఫెరైట్ రింగులు దీనికి వద్దు, వాటికి ఇండక్టెన్స్ బోలెడు ఎక్కువ వచ్చేస్తుంది. టంకం పెట్టే ముందు ఎనామిల్ బ్లేడుతో గీకారా?

పలాస: గీకానండి.

నిపుణుడు: చుట్టూ గీకండి, ఒక వైపే కాదు.

యాంకర్: సమయం అయిపోయింది. లైన్లో ఉన్న రాజాం కాలర్ వచ్చే వారం చెయ్యండి. నమస్కారం.