హెల్మెట్ తీసేశాక చూసుకోవాల్సినవి

నమస్తే అండీ! అమెరికాలో ఉంటూ, పాపకో బాబుకో క్రేనియోసినోస్టోసిస్ అని విన్న మన తెలుగు అమ్మానాన్నల కోసం ఈ వీడియో. పుర్రె ఎముకల మధ్య అతుకు ముందే మూసుకుపోవడాన్ని అలా అంటారు. సుమారు 2,000 నుంచి 2,500 మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. ఎక్కువగా మూసుకునేది నడినెత్తి మీదుగా వెళ్లే సాజిటల్ అతుకు. తల పడవలా పొడుగ్గా కనిపిస్తుంది.

ఊరి నుంచి అమ్మమ్మ సూట్‌కేసులో ఆవాల దిండు తెస్తారు. తలకి నూనె పెట్టి గుండ్రంగా ఒత్తుదామంటారు. ఆవిడ ప్రేమకి వంక పెట్టలేం. కానీ పడుకునే తీరు వల్ల తల వెనక చదునవడం వేరు, ఇది వేరు. మూసుకున్న అతుకుని ఏ మర్దనా తెరవదు. ఏడాదిలోపు పిల్లల క్రిబ్‌లో దిండు అసలే వద్దు. దీనికి ఆపరేషనే దారి. చిన్న కోతలతో, సన్నటి కెమెరా సాయంతో చేసే ఎండోస్కోపీ ఆపరేషన్ సాధారణంగా ఆరు నెలల్లోపే చేసి, తల ఆకారం సరిదిద్దే హెల్మెట్ రోజుకి 23 గంటలు పెడతారు. మిగిలిన ఆ గంటలో తల కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నూనె రాస్తే హెల్మెట్ లోపల చర్మం ఒరిసిపోతుంది.

ఇక మాటలు, చదువు, ప్రవర్తన. ఒక్క అతుకే మూసుకున్న పిల్లల్లో చాలామంది తెలివితేటలు మామూలుగానే ఉంటాయండి. కానీ భాష, శ్రద్ధ, లెక్కలు, చదవడం, ఇలాంటి చోట్ల చిన్నచిన్న ఇబ్బందులు మిగతా పిల్లల కంటే కాస్త ఎక్కువ. ఆపరేషన్ మెదడు పెరగడానికి చోటిస్తుంది, ఇవన్నీ దానంతటదే సర్దదు. రెండేళ్లప్పుడు ఎదుగుదల పరీక్ష బాగా వచ్చిందని ఫైలు మూసేయకండి. "బూట్లు తీసి, చేతులు కడుక్కుని, బ్యాగు తీసుకురా" అంటే మొదటి పనితోనే ఆగిపోవడం లాంటివి బడికెళ్లే వయసులోనే బయటపడతాయి.

మూడేళ్లలోపైతే మీ రాష్ట్రంలోని ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి, అంటే ఎదుగుదలలో వెనకబడిన చిన్నపిల్లలకి సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమానికి, మీరే ఫోన్ చెయ్యొచ్చు, డాక్టరు చీటీ అక్కర్లేదు. పరీక్షకి డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్ చేసినప్పటి నుంచి 45 రోజుల్లో పరీక్ష, అర్హత ఉంటే ప్రణాళిక సమావేశం పూర్తి కావాలి. తెలుగు దుబాసీని అడగండి. బాబు "పాలు", "ఇంకా", "కుక్క" అని తెలుగులో, "బాల్", "కార్" అని ఇంగ్లీషులో అంటే, అయిదూ లెక్కలోకి రావాలి. ఇంగ్లీషు మాటలే లెక్కపెడితే రెండే తేలుతాయి. మాట ఆలస్యమైందని ఇంట్లో తెలుగు మానేయకండి దయచేసి, ఆలస్యానికి కారణం తెలుగు కాదు.

వినికిడి పరీక్ష కూడా చేయించండి, ముఖ్యంగా అపెర్ట్, క్రూజాన్ సిండ్రోమ్‌లున్న పిల్లలకి (ఇవి జన్యువుల వల్ల పుర్రె అతుకులు ముందే మూసుకునే జబ్బులు). పొద్దున్నే తలనొప్పి, వాంతులు, వచ్చిన మాటలు పోవడం, ఉన్నట్టుండి చిరాకు కనిపిస్తే తలలో ఒత్తిడి పెరిగిందేమోనని సర్జన్‌కి అదే రోజు ఫోన్ చేయండి. కంటి డాక్టరు కంటి వెనక నరం వాచిందేమో చూస్తారు.

మూడేళ్లు దాటితే ఎదుగుదల పరీక్ష చేసే బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, అంటే మీ ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే సంస్థది. టీచరుతో నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. పరీక్ష కోరుతూ తేదీ వేసి ఈమెయిల్ పంపండి, అందులో ఆపరేషన్ సంగతీ రాయండి.