భయపడే అమ్మ, ఇద్దరు పసిపిల్లలు, డాలస్ నుంచి హైదరాబాద్: మా విమాన ప్రయాణం రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ వేసవి సెలవుల్లో మా కుటుంబం డాలస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్‌కు చేసిన విమాన ప్రయాణం గురించి ఈ వీడియోలో వివరంగా చెబుతున్నాను. మేము నలుగురం. మా పాపకు నాలుగున్నరేళ్లు, బాబుకు 11 నెలలు. నాకు విమానమంటే చాలా భయం. టికెట్లు కొన్న రోజు నుంచే నిద్ర చెడుతుంది, తలుపులు మూయగానే అరచేతులు చల్లబడతాయి, కుదుపులు మొదలైతే ఊపిరి అందదు. ఈ భయం వల్లనే మూడేళ్లుగా పుట్టింటికి వెళ్లలేదు. మా అమ్మ తన మనవణ్ణి ఫోన్‌లో తప్ప చూడలేదు.

సీట్ల వెడల్పు, సినిమాల సంఖ్య, చెక్-ఇన్ దగ్గర వరుసల గురించి చెప్పే రివ్యూలు మీకు చాలా దొరుకుతాయి కనుక వాటి జోలికి నేను వెళ్లను. భయమున్న మనిషి ఒడిలో బిడ్డను పెట్టుకొని 14 గంటలకు పైగా ఆకాశంలో ఎలా కూర్చోగలదు, ఆ భయం పిల్లలకు అంటకుండా ఎలా చూసుకోగలదు అన్న ఒక్క విషయాన్నే చూద్దాం.

ముందుగా విమానం గురించి. డాలస్ నుంచి దోహాకు దాదాపు 12,700 కిలోమీటర్లు. ఆ దూరమంతా మేము ఎయిర్‌బస్ ఎ350-1000లో ప్రయాణించాము. ధరతో పాటు ఏ రకం విమానమో కూడా చూసుకొనే టికెట్లు కొన్నాము, దానికి కారణం ఉంది. విమానం ఎంత ఎత్తులో ఎగురుతున్నా లోపలి గాలి ఒత్తిడిని ఒక స్థాయిలో నిలుపుతారు. పాత తరం విమానాల్లో అది సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుగా ఉంటే, ఎ350లోనూ బోయింగ్ 787లోనూ దాదాపు 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా ఉంటుంది. ఆ తేడా నాకు స్పష్టంగా తెలిసింది. ఇదివరకటి ప్రయాణాల్లో ఆరేడు గంటలకే తల బరువెక్కి, ఆ బరువునే ఏదో ప్రమాదానికి సూచనగా భావించి మరింత భయపడేదాన్ని. ఈసారి తలనొప్పి రాలేదు, పిల్లలు కూడా ఊహించినంత చిరాకు పడలేదు.

సీట్ల విషయంలో మేము ముందుచూపుతో వ్యవహరించాము. రెండు ప్రయాణాల కిందట, వేరే సంస్థ విమానంలో, మా సీట్లను వేర్వేరు వరుసల్లో కేటాయించారు. అప్పటికి ఏడాదిన్నర వయసున్న మా పాప నా దగ్గరే ఉన్నా, మా వారు ఎక్కడో వెనుక ఉండిపోయారు. కుదుపుల సమయంలో చేయి పట్టుకోవడానికి మనిషి లేకపోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. అందుకే ఈసారి టికెట్లు కొన్న రోజే ఫోన్ చేసి, ఎదురుగా మరో వరుస లేకుండా గోడ మాత్రమే ఉండే బల్క్‌హెడ్ సీట్లను అడిగి తీసుకున్నాము. పసిపిల్లల తొట్టిని, అంటే బాసినెట్‌ను, ఆ గోడకే బిగిస్తారు. తొట్టికి బరువు పరిమితి ఉంటుంది, అది సంస్థను బట్టి మారుతుంది కనుక మీ బిడ్డ బరువును ముందే చెప్పి, సరిపోతుందని నిర్ధారించుకోండి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. బయలుదేరడానికి రెండు వారాల ముందు, విమానంలో వినిపించే శబ్దాలు ఏమిటో ఒక్కొక్కటిగా చదివి తెలుసుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో భోజనాల బల్ల దగ్గరి కుర్చీలను వరుసగా పేర్చి, రోజూ సాయంత్రం పాపతో విమానం ఆట ఆడాను. నేను శబ్దం చేస్తే తను అదేమిటో చెప్పాలి. ఆటగా మొదలుపెట్టిన ఈ సాధన నాకు మందులా పనిచేసింది.

నేల విడిచిన కొన్ని క్షణాలకు కాళ్ల కింద దడదడమని మోత వస్తుంది. అవి చక్రాలు లోపలికి మడుచుకొని, వాటి తలుపులు మూసుకుంటున్న శబ్దాలు. సుమారు 1,000 నుంచి 1,500 అడుగుల ఎత్తుకు చేరాక ఇంజిన్ల హోరు ఒక్కసారిగా తగ్గుతుంది, కిందికి జారిపోతున్నట్టు కడుపులో తేలికగా అవుతుంది. ఇంజిన్ ఆగిపోయిందేమోనని ఏళ్ల తరబడి నేను కళ్లు మూసుకొని దేవుణ్ణి తలుచుకున్నది ఆ క్షణంలోనే. నిజానికి టేకాఫ్‌కు వాడిన శక్తి అంతా ఆ తర్వాత అవసరం ఉండదు కనుక పైలట్లు దాన్ని తగ్గిస్తారు, వేగం పుంజుకోవడానికి ముక్కును కాస్త దించుతారు. విమానం అప్పుడు కూడా పైకే వెళ్తూ ఉంటుంది, ఎక్కే వేగం మాత్రమే తగ్గుతుంది. మన శరీరం ఆ మార్పును దిగడంగా పొరబడుతుంది.

ఈ ప్రయాణంలో చక్రాల మోత రాగానే మా పాప నా చేతిని తట్టి, "అమ్మా, చక్రాలు ఇంట్లోకి వెళ్లిపోయాయి" అంది. హోరు తగ్గగానే, "ఇప్పుడు పైలట్ అంకుల్ కొంచెం మెల్లగా తోలుతున్నాడు" అంది. నేను నేర్పిన మాటలే నాకు తిరిగి వినిపిస్తుంటే, భయపడాల్సిన ఆ నిమిషం నేను గమనించేలోపే గడిచిపోయింది. పిల్లలు భయాన్ని కిటికీలోంచి చూసి నేర్చుకోరు, మన ముఖంలో చూసి నేర్చుకుంటారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు గానీ, మన ముఖం ప్రశాంతంగా ఉండాలంటే చెవులకు అర్థం తెలిసి ఉండాలన్నది ఈ ప్రయాణంలోనే తెలిసింది.

కుదుపుల దగ్గరకు వద్దాం. జూన్ మధ్యాహ్నం డాలస్‌లో ఎండకు నేల కాగి గాలి పైకి లేస్తుంది కనుక మొదటి పావుగంట ఊగుతూనే వెళ్లాము. అసలు కుదుపులు కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దాటి అట్లాంటిక్ మీదికి వచ్చాక మొదలయ్యాయి. అక్కడ చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం వీస్తుంది. తూర్పుకు వెళ్లే విమానాలు దాని సాయంతో త్వరగా చేరతాయి, కానీ దాని అంచుల్లో గాలి వేగం తటాలున మారడం వల్ల మబ్బు లేని ఆకాశంలో కూడా కుదుపులు వస్తాయి.

ఆ సమయంలో నేను ఒక పని చేశాను, మీరు కూడా చేసి చూడండి. ఎదుటి పళ్లెం మీద ప్లాస్టిక్ గ్లాసులో సగం దాకా మంచినీళ్లు పోసి పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నాను. నా కడుపు చెప్పిన దాన్ని బట్టి విమానం వందల అడుగులు పడి లేస్తోంది. గ్లాసులో నీళ్లు మాత్రం అంచును తాకకుండా, వలయాలుగా వణుకుతూ, మళ్లీ మట్టంగా నిలుస్తున్నాయి. సీటు ముందున్న తెర మీద ఎత్తు 37,000 అడుగులని ఉంటే, ఆ అంకె కూడా మారలేదు. మామూలు కుదుపుల్లో విమానం ఎత్తు చాలా స్వల్పంగా మాత్రమే మారుతుందని చదివి ఉన్నాను. చదివినప్పుడు కలగని నమ్మకం ఆ గ్లాసును చూశాక కలిగింది.

రెక్కలు ఊగడం చూసి భయపడేవారికి ఒక్క మాట. రెక్కలు వంగేలాగే తయారు చేస్తారు. 1995లో బోయింగ్ 777 రెక్కలను విరిగేదాకా వంచి పరీక్షించారు. విమానం తన జీవితకాలంలో ఎదుర్కోవచ్చని లెక్కగట్టిన గరిష్ఠ భారాన్ని 100గా తీసుకుంటే 150 వరకు తట్టుకోవాలన్నది నిబంధన. ఆ రెక్కలు 154 దగ్గర విరిగాయి, అప్పటికి వాటి కొనలు 7 మీటర్లకు పైగా పైకి వంగాయి. రెక్క ఊగుతోందంటే గాలి తాకిడిని అది తనలో ఇముడ్చుకుంటోందని అర్థం.

అయితే కుదుపులను తేలిగ్గా తీసుకోమని నేను చెప్పడం లేదు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం మయన్మార్ మీద తీవ్రమైన కుదుపుల్లో చిక్కుకొని, బ్యాంకాక్‌లో దిగాల్సి వచ్చింది. ఒకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. విమానం క్షేమంగానే దిగింది, కానీ బెల్టు పెట్టుకోనివారు కొద్ది సెకన్లలో పైకి ఎగిరి, మళ్లీ కింద పడ్డారు. అంటే ప్రమాదం విమానానికి కాదు, బెల్టు లేని శరీరానికి. అందుకే బెల్టు దీపం వెలిగినా వెలగకపోయినా, నిద్రలో ఉన్నా, బెల్టు తీయకూడదన్న నియమాన్ని మేము పెట్టుకున్నాము. పాపకు దుప్పటి కప్పి, బెల్టును దుప్పటి మీద నుంచి బిగించాము. అలా చేస్తే సిబ్బంది బెల్టు ఉందో లేదో చూడటానికి నిద్ర లేపాల్సిన అవసరం ఉండదు.

బాబు విషయంలో ఆ నియమం అంత సులువు కాలేదు. బెల్టు దీపం వెలిగిన ప్రతిసారీ బిడ్డను తొట్టిలోంచి తీయాలి. బాబు నిద్రపోయిన 40 నిమిషాలకే మొదటిసారి తీయాల్సి వచ్చింది, దోహా చేరేలోపు మొత్తం నాలుగుసార్లు తీశాము. సిబ్బంది తప్పు ఇందులో ఏమీ లేదు, వాళ్లు ఎంతో మృదువుగా చెప్పారు. తొట్టి దొరికితే రాత్రంతా బిడ్డ హాయిగా పడుకుంటుందన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. ఒడిలోకి తీసుకున్నాక, నా బెల్టుకు కలిపే చిన్న బెల్టును బాబు నడుముకు పెట్టారు. ఒక గట్టి కుదుపులో వాడి బరువంతా ఒక్కసారి నా చేతుల్లోంచి పైకి లేచినట్టయింది. క్షణకాలమే అయినా, తల్లి చేతులకు ఉండే పట్టు ఎంతటిదో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఈ విషయానికి చివర్లో మళ్లీ వస్తాను.

తిండి గురించి క్లుప్తంగా చెబుతాను. పాపకు పిల్లల భోజనం ముందే చెప్పి పెట్టాము, కానీ తను తిన్నది మేము తీసుకెళ్లిన పొడి ఇడ్లీలు, వేయించిన అటుకులు మాత్రమే. బాబుకు ఇంట్లో బియ్యం, పెసరపప్పు వేయించి కొట్టిన ఉగ్గు పొడిని చిన్న డబ్బాల్లో పోసి తీసుకెళ్లాము. సిబ్బంది ఇచ్చే నీళ్లు బాగా మరుగుతూ ఉంటాయి కనుక, మా వారు పిల్లలకు దూరంగా వెనుక నిలబడి కలిపి, చల్లార్చి తెచ్చేవారు. డాలస్ భద్రతా తనిఖీ దగ్గర పసిపిల్లల పాలకు, ఆహారానికి 100 మిల్లీలీటర్ల పరిమితి వర్తించదు, వాటిని విడిగా తీసి చూపిస్తే సరిపోతుంది.

పిల్లలు నిద్రపోవడానికి అలర్జీ మందు వేయమని తెలిసినవారు ఇద్దరు ముగ్గురు నాకు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. కొందరు పిల్లల్లో ఆ మందు నిద్రకు బదులు విపరీతమైన చిరాకును కలిగిస్తుంది, 37,000 అడుగుల ఎత్తులో వైద్యం అందుబాటులో ఉండదు. నేను కూడా మత్తు మాత్రలు వేసుకోలేదు, ఎందుకంటే బిడ్డ నా చేతుల్లో ఉన్నంతసేపు నేను మెలకువగా ఉండాలి. ఊపిరి బిగుసుకున్నప్పుడల్లా, నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలాను. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె దడ నెమ్మదిస్తుంది. బాబుకు పాలిస్తూ ఇలా చేస్తే వాడు కూడా త్వరగా సర్దుకున్నాడు.

దోహాలో మూడున్నర గంటలు ఆగాము. అక్కడి హమద్ విమానాశ్రయం మధ్యలో తల మీద దీపం పెట్టుకున్న 7 మీటర్ల పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. 14 గంటలు కట్టేసినట్టు కూర్చున్న పాప దాని చుట్టూ పరుగెత్తి అలసిపోయి, తర్వాతి నాలుగు గంటల విమానంలో ఎక్కగానే పడుకుంది. మధ్యలో ఆగకుండా ఒకే విమానంలో వెళ్లడం కన్నా, ఇలా ఒక్కసారి దిగి నేల మీద నడవడం నాలాంటివారికి మేలని నా అభిప్రాయం.

హైదరాబాద్ దగ్గరకు వచ్చేసరికి వానాకాలపు మబ్బుల్లోంచి దిగాల్సి వచ్చింది, శంషాబాద్ కనబడేదాకా ఊగుతూనే ఉన్నాము. దిగేటప్పుడే చెవులు ఎక్కువ బాధపెడతాయి. బయటి ఒత్తిడి పెరుగుతుంటే, గొంతును నడిమి చెవితో కలిపే సన్నని గొట్టం తెరుచుకోవాలి, మింగినప్పుడు అది తెరుచుకుంటుంది. పసివాళ్లు నిద్రలో తక్కువగా మింగుతారు. అందుకే నేల తాకడానికి అరగంట ముందే బాబును లేపి పాలిచ్చాను, పాపకు స్ట్రాతో నీళ్లు తాగించాను. ఇద్దరిలో ఒక్కరూ ఏడవలేదు. బయటకు వచ్చాక మా అమ్మ బాబును ఎత్తుకుంది. వాడికి కొత్త లేకుండా ఆమె ముక్కుపుడకను పట్టుకొని లాగాడు.

ఇప్పుడు ఆ ఒడి సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ ప్రయాణంలో మేము తీసుకున్న నిర్ణయాల్లో నేను మార్చుకుంటున్నది అదొక్కటే. రెండేళ్లలోపు పిల్లలకు ఒడి టికెట్టు సాధారణంగా పెద్దల ధరలో పదో వంతు ఉంటుంది, అందుకే మేమూ అదే కొన్నాము. అనుకోని కుదుపుల్లో చేతులతో బిడ్డను పట్టుకోలేమనీ, సొంత సీటులో, విమానానికి అనుమతించిన కారు సీటులో కూర్చోబెట్టడమే క్షేమమనీ అమెరికా విమానయాన పాలక సంస్థ ఎఫ్ఏఏ చాలాకాలంగా చెబుతోంది. కాకినాడలో మా అమ్మగారింట్లో, ఇక్కడి ప్రయాణాల కోసం సామానులో వేసుకొచ్చిన కారు సీటును తిరగేసి చూశాను. కార్లలోనూ విమానాల్లోనూ వాడవచ్చునన్న ఎర్ర అక్షరాల ముద్ర దాని అడుగునే ఉంది. వచ్చేటప్పుడు ఆ సీటు విమానం అడుగున సామానులో ప్రయాణించింది, బాబు నా ఒడిలో ప్రయాణించాడు. ఆగస్టులో తిరుగు ప్రయాణం ఎదురుగాలిలో సాగుతుంది, ఇంకా ఎక్కువసేపు పడుతుంది. నిన్న సాయంత్రం మా వారు ఫోన్ చేసి, బాబు పేరు మీద కిటికీ పక్క సీటు కొన్నారు.