పసిబిడ్డ గిన్నెలో పళ్లూ కూరగాయలూ

సభకు నమస్కారం. కొత్తగా తల్లులైనవారికి, మనవల్ని చూసుకోవడానికి ఊళ్లు వదిలి బెంగళూరు వచ్చిన అవ్వలకు, అమ్మమ్మలకు, వెనక గోడ దగ్గర నిలబడి ఉన్న తండ్రులకు కూడా స్వాగతం. తండ్రులు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి, ఈ పనిలో మీకూ వాటా ఉంది.

ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత పాలు మాన్పించకుండా, రెండేళ్లు లేదా అంతకు పైన కొనసాగిస్తూనే, అనుబంధ ఆహారం మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్లలో ఆరో నెల అన్నప్రాశన ఇంచుమించు దీనితో సరిపోతుంది. అయితే ముహూర్తం కుదరలేదని ఎనిమిదో నెలకు జరపడం మాత్రం మంచిది కాదు, ఎందుకంటే పుట్టుకతో ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము సుమారుగా ఆరో నెలకే తరిగిపోతుంది. ఈ ఊళ్లో దీనికి వ్యతిరేకమైన తొందర కూడా ఉంది. 2017 సవరణ తర్వాత చట్టం ఇచ్చే ప్రసూతి సెలవు 26 వారాలు, అందులో కొన్ని కాన్పుకు ముందే వాడుకున్న తల్లి ఆఫీసుకు వెళ్లే రోజుకు బిడ్డకు అయిదో నెల కూడా నిండకపోవచ్చు. అప్పుడు గుజ్జులు మొదలుపెట్టడం కంటే, పిండి ఉంచిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో పట్టించడం మేలు.

ఇక అసలు విషయానికి వస్తాను. పప్పుకట్టు, క్యారెట్ ఉడికించిన నీళ్లు, వడగట్టిన దానిమ్మ రసం వంటివి తేలిగ్గా అరుగుతాయన్న నమ్మకంతో నెలల తరబడి పట్టేవారు మనలో చాలామంది ఉన్నారు. ఎనిమిది నెలల బిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు మాత్రమే, ఆ కాస్త చోటునూ నీళ్లతో నింపితే బిడ్డకు ఆకలి తీరినట్టు ఉంటుంది గాని ఒంటికి పట్టేది ఏమీ ఉండదు. తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య అనుబంధ ఆహారం ద్వారా రోజుకు సుమారు 200 కిలోక్యాలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య సుమారు 300 అందాలి. వంద గ్రాముల గుమ్మడికాయ గుజ్జులో పాతిక ముప్ఫై కిలోక్యాలరీలకు మించి ఉండవు, అదే అరటిపండులోనూ గెనుసుగడ్డలోనూ తొంభై దాకా ఉంటాయి, ఇక్కడ అందరూ బటర్ ఫ్రూట్ అనే అవకాడో పండులో ఇంకా ఎక్కువ. కాబట్టి కూరగాయ గుజ్జు ఎంత తాజాదైనా అదొక్కటే ఒక పూట భోజనానికి సరిపోదు, దాన్ని మెత్తటి పప్పన్నంలోనో రాగి జావలోనో కలిపి, అర చెంచా నెయ్యి వేసి పెట్టాలి. నెయ్యి రుచికి మాత్రమే కాదు, గుమ్మడి, క్యారెట్, బొప్పాయిలకు ఆ రంగునిచ్చే బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలి. చెంచా వంచితే జారి కారిపోకుండా నిలిచేంత చిక్కదనం ఉండాలని గుర్తు పెట్టుకోండి.

రాగి జావ విషయంలో పాతకాలపు పద్ధతి ఎంతో తెలివైనది. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేడిచేసి, విసిరి, పలచని బట్టలో జల్లించేవారు. మొలకలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది గనుక మామూలు పిండి కంటే ఎక్కువ వేసినా జావ గడ్డకట్టదు, అంటే అదే గిన్నెలో ఎక్కువ బలం ఇముడుతుంది. దించి చల్లార్చాక మెదిపిన ఏలక్కి అరటిపండు, అంటే ఇక్కడ దొరికే చిన్న అరటిపండు, కలిపితే చక్కెర గాని బెల్లం గాని అవసరమే ఉండదు.

వండటానికి మీ ఇడ్లీ పాత్ర చాలు. కూరగాయలను కోయకముందే కడిగి, పెద్ద ముక్కలుగా తరిగి ఆవిరి మీద ఉడికిస్తే సి విటమిన్ నీళ్లలోకి దిగిపోకుండా చాలావరకు నిలుస్తుంది. నీళ్లలో ఉడికిస్తే ఆ నీళ్లు పారబోయక మెదపడానికే వాడండి. బెంగళూరు వంకాయ, సొరకాయ, బీన్స్, చలికాలంలో దొరికే పితికిపప్పు, అన్నీ పనికివస్తాయి. మిక్సీ మొదటి కొన్ని వారాలకే, ఆ తర్వాత పప్పుగుత్తి, ఎనిమిదో నెలకు చేతి వేళ్లు. ఎప్పుడూ నున్నగా రుబ్బినదే తిన్న బిడ్డ ఏడాది దాటాక అన్నం మెతుకు తగిలినా ఊసేస్తుంది, అది బిడ్డ మొండితనం కాదు, మనం చేసిన అలవాటే.

ఆకుకూరల్లో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. నాలుగు చుక్కల నిమ్మరసం గాని, కాస్త టమాటా గుజ్జు గాని కలిస్తే ఎక్కువ పడుతుంది. తినే ఇళ్లలో గుడ్డు, కాలేయం, మెత్తగా ఉడికించిన మాంసం ఏడాది దాకా ఆపవలసిన పని లేదు. అయినా తోటకూర మీదే భారం వేసి, డాక్టరు రాసిన ఐరన్ చుక్కలు మానకండి.

ఏడాది లోపు తేనె వద్దు. ఊళ్లో మాకు నాలుక మీద రాశారు, మేం బతకలేదా అని పెద్దవాళ్లు అడుగుతారు. చాలామంది బతికారు, నిజమే. కాని తేనెలో బొటులిజం కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు, పసిపేగులో అవి మొలకెత్తి విషం తయారుచేస్తే కండరాలు చచ్చుబడి ఊపిరే కష్టమవుతుంది. ఉప్పు, చక్కెర కూడా ఏడాది దాకా అక్కర్లేదు. చిక్కబళ్లాపురం వైపు నుంచి వచ్చే ద్రాక్షను గింజ తీసి నిలువునా నాలుగు చీలికలు చేయాలి. పచ్చి క్యారెట్, గట్టి ఆపిల్ ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి గనుక వాటిని ఉడికించే పెట్టాలి.

ఉద్యోగం చేసే తల్లులు ఆదివారం వండి, ఐస్ ట్రేలలో గడ్డకట్టించి, వారమంతా వాడుకుంటామంటారు. గుమ్మడి, గెనుసు, పప్పు అలా చేసుకోవచ్చు, కావలసినన్ని గడ్డలు మాత్రమే తీసి పొగలు వచ్చేలా వేడిచేయాలి. పాలకూర, బీట్‌రూట్, క్యారెట్ మాత్రం ఏ పూటకు ఆ పూటే వండండి, వాటిలోని నైట్రేట్లు నిల్వలో బ్యాక్టీరియా వల్ల నైట్రైట్లుగా మారి పసివారి రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తాయి. బిడ్డ చెంచా తగిలిన గిన్నెలో మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టకండి. బోరు నీళ్లయినా ట్యాంకరు నీళ్లయినా మరిగించి చల్లార్చినవే వాడండి.

ఇప్పుడు ఈ బల్ల మీద గుమ్మడికాయ, పెసరపప్పు, మెత్తగా వండిన అన్నం ఉన్నాయి. ఆరు నెలల బిడ్డకూ పది నెలల బిడ్డకూ అదే ముద్ద ఎలా వేరుగా కలపాలో చేసి చూపిస్తాను, సందేహాలు కలుపుతుండగానే అడగండి.